లేసు అల్లికయు, దాని కూలియు

స్త్రీలు చేయు పనులలో కొన్నింటికి పని యను పేరు పెట్టుటకే లోకము ఇష్టపడదు. వరినాటు పని, మిరపకాయ కోత పని, మగ్గపు నేత పని. కాని యొక యిల్లాలు నూలుండను ఒడిలో నుంచుకొని, కొక్కెపు సూదితో పువ్వు తరువాత పువ్వు అల్లుచు, ప్రొద్దు గ్రుంకువఱకు వంచిన మెడ యెత్తకున్నను, చూచువారు "తీరిక దొరికినది కాబోలు, లేసు అల్లుకొనుచున్నది" అందురు. తీరిక యను నీ మాట వినుటకు ఇంపుగానే యున్నది. దీనిలోని కీడు మాత్రము ఈ పరిశ్రమ చరిత్ర నెఱిగినవారికే తెలియును. గోదావరి తీరమున లేసు అల్లిక నూట యేబది యేండ్లకు పైగా జీవించియున్నది. అందు అల్లినవారి కేమి దక్కినది, అమ్మినవారి కేమి దక్కినది యని విచారింపగా, ఆ రెంటి నడిమి అంతరమునకు గల ముఖ్యకారణములలో నొకటి యీ మాటయే యని మాకు తోచినది. ఆ విచారమునే చదువరుల ముందుంచుచున్నాము.

పల్నాటిలోని శావల్యాపురము వంటి గ్రామమును తీసికొందము. అది వినుకొండకు దాపున, గుంటూరు గుంతకల్లు రైలుదారిలో నున్నది. ఆ సీమ స్త్రీ మిరపకోతకు గాని ప్రత్తితీతకు గాని పోవుటకు ముందు "కూలి యెంత?" అని యడుగును. ప్రత్తి తూకము చూచుకొనును. ఇచ్చినది చాలనిచో, తోడివారిని కూడగట్టుకొని మఱునాడు వేఱొక చేనికి పోవును. అట్లడుగుట తగదని యెవ్వరును అనరు. అట్టి ప్రత్తియే మరలో నూలై, నరసాపురపు పల్లెలలో నొక యిల్లాలి యొడిలో బడినపుడు ఆ ప్రశ్న వినరాకున్నది. ఎండలో ప్రత్తిని తీసిన చేతికి కూలి గలదు. నీడలో ఆ నూలును పువ్వుగా మార్చిన చేతికి "ఏదో చేతిఖర్చు" మాత్రమే కలదు. ఈ తేడా యెట్లు పుట్టినది?

దీనికి సమాధానము దొరకవలెనన్న, ఈ విద్య పుట్టుపూర్వోత్తరములు కొంత తెలియవలెను. కొక్కెపు సూదితో అల్లు నీ పనికి ఐరోపాలో క్రోషే యని పేరు. చిన్న కొక్కెము అని దాని యర్థము. మాట ఫ్రెంచి వారిది. మనవారి నోట నది క్రోషా యైనది. నరసాపుర ప్రాంతమున లేసు అన్నచో ఇదియే. ఇది మిక్కిలి ప్రాచీనమైన విద్య యని పలువురు తలంతురు గాని, నేడు మన మెఱిగిన రూపమున నిది పందొమ్మిదవ శతాబ్దపు బిడ్డ. దీని నమూనాలను ముందుగా అచ్చువేసిన పత్రికలలో నొకటి 1823లో వెలువడిన హాలెండు దేశపు "పెనెలోపే". 1840 తరువాతి దశకమున రీగో దె లా బ్రాంషార్దియేర్ అను విదుషి లండనులో వరుసగా నమూనా పుస్తకములను ప్రకటించుటచేత నిది గృహస్థుల యిండ్లలో వ్యాపించినది. అంతకుముందు ఐరోపావారి లేసు సూదితోను, దిండుమీద గుచ్చిన గుండుసూదుల చుట్టు కండెలను త్రిప్పుటచేతను తయారగుచుండెడిది. దానిని నేర్చుటకు ఏండ్లు పట్టును. కొక్కెపు సూదితో అల్లు లేసునకు అంత కాలము పట్టదు; పనిముట్టు ఒక్కటే, అదియు మూడంగుళముల నుండి ఆఱంగుళముల పొడవున్న పుల్ల. పేదయింటిలో చొచ్చుటకు ఇంతకన్న సులభమైన పరిశ్రమ ఉండదు.

అది పేదయిండ్లలో చొచ్చినది కఱవు వేళ. 1845 మొదలు 1852 వఱకు ఐర్లండు దేశమున ఉర్లగడ్డ పంటకు తెగులు సోకి, సుమారు పది లక్షలమంది మరణించిరి. మఱి పది లక్షలమంది దేశము విడిచి పోయిరి. ఆ దినములలో కార్కు నగరపు దాపున ఉర్సులైను సన్యాసినులును, ఇతర స్థలములలో కొందఱు గృహిణులును పేదస్త్రీలకు ఈ యల్లికను నేర్పిరి. గులాబి నొకతె, ఆకు నొకతె, మూడు రేకుల గడ్డిపువ్వు నొకతె వేఱువేఱుగ అల్లుటయు, వానిని వేఱొకతె సన్నని వలతో కలిపి కుట్టుటయు అక్కడి పద్ధతి. ఒక్కొక్క ఇంటిలో ఆ సూదియే అన్నము పెట్టినది. అదే కాలమున విక్టోరియా రాణియు ఈ యల్లికను నేర్చుకొనెను. 1900లో బోయరు యుద్ధమున పోరాడుచున్న కొందఱు సైనికులకు స్వహస్తములతో అల్లిన కంఠవస్త్రములను పంపెను. ఒకే సూది రాణి చేతిలో వినోదము, కూలిదాని చేతిలో కూడు. ఆ భేదమును మఱచి, రాణికి చెల్లిన మాటను కూలిదానికి అంటగట్టుటయే తరువాతి అన్యాయమునకు మొదలు.

దక్షిణదేశమునకు లేసు విద్య క్రైస్తవ మిషనరీల వెంట వచ్చినది. తిరువాన్కూరు రాజ్యమున నాగరుకోయిలులో మార్తా మాల్టు అను నామె 1820 ప్రాంతమున బాలికలకు దిండు లేసును నేర్పెను. ఆ బాలికలలో బానిస కుటుంబములవా రుండిరి. తాము అల్లిన లేసు వెలతో వారు తమ స్వేచ్ఛను కొనుక్కొనిరని ఆ మిషను చరిత్ర చెప్పుచున్నది. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను. లేసు ఈ దేశమున అడుగుపెట్టినపుడు కాలక్షేపముగా రాలేదు. విడుదల మూల్యముగా వచ్చినది.

ఇక మన గోదావరి. 1832-33 నాటి నందన నామ సంవత్సరపు కఱవు గుంటూరు మండలమును శ్మశానము గావించినది. పల్నాటి వృద్ధులు దానిని తరతరములుగ తలచుకొనిరి. గోదావరి, కృష్ణా డెల్టాలును ఆ కాలమున క్షామములతోను ఉప్పెనలతోను దీనదశలో నుండెను. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో గాని మొదలు కాలేదు; 1852లో పూర్తియైనది. ఆ నడుమనే, 1836లో బౌడెను, బీరు అను ఇరువురు ఆంగ్లేయ మిషనరీలు భార్యలతో వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములను తమ కార్యస్థానము చేసికొనిరి. స్కాట్లండు దేశీయులైన మెక్రే దంపతులు 1844లో ఇక్కడి స్త్రీలకు లేసు అల్లికను నేర్పిరని ఈ పరిశ్రమవారు పరంపరగా చెప్పుకొనుచున్నారు. ఎగువన భద్రాచలమునకు చేరువనున్న దుమ్ముగూడెమున ఆ శతాబ్దపు చివరి భాగమున కెయిను దొరసాని లేసు పనిని నెలకొల్పెను. మొదట నేర్చినవారు దిక్కులేని పిల్లలు, క్రొత్తగా క్రైస్తవమతమున జేరిన పేదకులముల స్త్రీలు. దొరసానులు తమ దేశములోని స్నేహితులకు పంపి యమ్మించి, వచ్చిన సొమ్మును అల్లినవారికి ఇచ్చుచుండిరి. వ్యాపారము పెరిగినకొలది దొరసానులు తొలగి వర్తకులు వచ్చిరి. ఇరువదవ శతాబ్దారంభమునకు రెండువేలమందికి పైగా స్త్రీలు ఈ పనిలో నుండిరి. 1899 నాటి కఱవును, 1929లో మొదలైన లోకవ్యాప్తమైన ఆర్థికమాంద్యమును దాటి ఈ పరిశ్రమ బ్రతికినది.

ఇచ్చట పని యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. ఏలయన చేయనివారు దానిని సుళువనుకొందురు. ముందు నూలును కొక్కెముతో లాగి గొలుసు అల్లుదురు. ఆ గొలుసు కొనలు కలిపి ఉంగరము చేయుదురు. ఉంగరము చుట్టు వరుసకు వరుస పొట్టికుట్లో పొడుగుకుట్లో వేసికొనుచు పోవుదురు. ఇది చుట్టుపని. ఇందు లెక్కయే ప్రాణము. పొట్టికుట్టు పనిలో వరుసకు సుమారు 6 కుట్ల చొప్పున పెంచుచు పోయినచో చక్రము బల్లపరుపుగ నుండును. పెంచుట తగ్గినచో గిన్నెవలె ముడుచుకొనును. మించినచో అంచు అలలుగ లేచును. టోపీ అల్లువారు ఆ ముడుతనే కోరుదురు. పూరేకు అల్లువారు ఆ యలలనే కోరుదురు. ఈ రెండవ గుణమును పట్టుకొని 1997లో అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమున దైనా తైమిన్యా అను గణితపండితురాలు, కాగితముమీద చూపుటకు కష్టమైన యొక జ్యామితిని నూలుతో అల్లి విద్యార్థుల చేతులలో పెట్టెను. మన పల్లెపడుచు అక్షరము రాకున్నను ఈ లెక్కను వ్రేళ్లకొనలమీద నడపుచున్నది.

ఇంకొక విశేషము. బట్ట నేయుటకు మర వచ్చినది. బనియను అల్లుటకు మర వచ్చినది. కొక్కెపుసూది యల్లికను ఉన్నదున్నట్లు చేయు మర మాత్రము నేటికిని అంగడికి రాలేదు. మరలేసు పేర వచ్చునది చూపునకు దీనిని పోలినను, కుట్టు వేఱు. కాబట్టి లోకమున ఎచ్చట నిజమైన క్రోషా వస్తువు కనబడినను, అది ఎంత చౌకగా అమ్ముడుపోవుచున్నను, దాని ప్రతి కుట్టును ఒక మనుష్యుని చేయి వేసినదే. వెల తగ్గినదనగా మర దానిని తగ్గింపలేదు. ఆ చేతి కిచ్చు కూలి తగ్గినది.

ఆ కూలి యెట్లు తగ్గినదో నరసాపురపు వ్యాపారపద్ధతి చెప్పుచున్నది. ఎగుమతి వర్తకుడు నూలును కొని ఏజెంటుల కిచ్చును. ఏజెంటులు ఊరూర తిరిగి ఇండ్లలోని స్త్రీల కిచ్చుదురు. పని ముగిసిన తరువాత మరల వచ్చి తీసికొని పోవుదురు. పువ్వులు మొదలగు ముక్కలను అల్లుట చేతిపని. వానిని దుప్పటిగానో బల్లగుడ్డగానో కూర్చుట అతుకుపని. అంచులు దిద్దుట కాజాకుట్టు. పువ్వు అల్లిన స్త్రీ కూర్చిన దుప్పటిని చూడదు. అది యే దేశమునకు పోయినదో, ఎంతకు అమ్ముడైనదో ఎఱుగదు. పక్కయింటి స్త్రీకి ఎంత యిచ్చిరో కూడ సరిగా తెలియదు. ప్రత్తిచేనిలో ఇరువదిమంది ఒక వరుసను నిలిచి పనిచేయుదురు గనుక వారికి ఒక గొంతు గలదు. ఇరువదిమంది ఇరువది వసారాలలో వేఱువేఱుగ కూర్చున్నచో వారికి గొంతు లేదు.

ఈ పని పేదకులములలో మొదలైనను క్రమముగ కాపు కుటుంబముల స్త్రీలకు వ్యాపించినది. వారికి పొలమునకు పోయి కూలిచేయుట గౌరవభంగము. గడప దాటకుండుట ఘనత. గడప దాటని స్త్రీకి లేసు సరిగా సరిపోయినది. 1970 తరువాతి దశకపు చివర జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపుర ప్రాంతపు పల్లెలలో ఈ స్త్రీలతో మాటాడి వ్రాసిన గ్రంథము 1982లో లండనులో వెలువడినది. ఆ కాలమున ఈ పనిలో నున్న స్త్రీలు లక్షమందికి తక్కువ కారని అంచనా. దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు, ఇంటిపనులకు తోడుగ, లేసు అల్లిన స్త్రీకి నాడు దక్కినది రూపాయికి తక్కువ. అదే యూరిలో పొలము పనికి పోవు హరిజన స్త్రీ అంతకన్న ఎక్కువ సంపాదించుచుండెను. అయినను లేసు అల్లు ఇల్లాలు తాను కూలిదానను కానని, ఇంట కూర్చున్నదానననియే చెప్పుకొని, చేనికి పోవు స్త్రీకన్న తాను మెఱుగని తలంచెను. పూర్వము ఏజెంటులలో కొందఱు స్త్రీలుండగా, లాభము పెరిగినకొలది ఆ స్థానములను పురుషులు ఆక్రమించిరి. చేయుట స్త్రీల వంతు, అమ్ముట పురుషుల వంతు ఐనది. మేము మొదట చెప్పిన "తీరిక" యను మాట చేసిన పని యిదియే. తన పనిని తానే పనిగా నెంచనివారు కూలి యడుగలేరు. అడుగనివారికి ఎవ్వరును పిలిచి యీయరు.

దీనికి కొందఱు బదులు చెప్పుదురు. "ఇంటిపట్టున నుండి, పిల్లలను చూచుకొనుచు, నాలుగు కాసులు వచ్చుట మేలు కాదా? కూలి పెంచినచో బేరము పోవును, అప్పుడా నాలుగు కాసులును ఉండవు" అందురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. విదేశపు కొనుగోలుదారునకు చౌకసరుకు మఱియొక దేశమున దొరకినచో అటు పోవుట నిజమే. మరలేసు పోటీయు, చైనా సరుకు పోటీయు నరసాపురమును బాధించినవి. కాని ఈ వాదమే ఒకప్పుడు రాట్నము వడుకు స్త్రీల విషయమునను వినబడినది. వడుకుట ఖాళీకాలపు పని, దానికి వచ్చినదే లాభము అనిరి. 1935లో గాంధీగారు దానిని ఒప్పుకొనలేదు. వడుకు స్త్రీకి ఆమె పనిగంటలను బట్టి జీవనమునకు చాలిన వేతనము ఈయవలెననియు, ఎనిమిది గంటల మంచి పనికి ఎనిమిది అణాలు ఆదర్శముగ నుండవలెననియు వాదించిరి. ఖద్దరు వెల పెరిగి అమ్మకము తగ్గునని భయపడినవారు ఆయన సహచరులలోనే యుండిరి. ఐనను అఖిలభారత చరఖా సంఘము ఆ సూత్రమును అంగీకరించి, కూలిని ఎనిమిది అణాల వఱకు కాకున్నను కొంత పెంచినది. ఖద్దరు చావలేదు. ఇంటిలో చేసిన పనికిని గంటల లెక్క గలదని ఆ తీర్మానము దేశమునకు చెప్పినది. లేసునకు ఆ మాట చెప్పు పెద్ద దిక్కు దొరకలేదు.

ఈ శతాబ్దమున కొంత మార్పు వచ్చినది. నరసాపురమునకు చేరువ సీతారామపురమున ప్రభుత్వము లేసు పార్కును నెలకొల్పి, స్త్రీల సంఘములకు శిక్షణమును, వర్తకమునకు చోటును కల్పించినది. 2024లో నరసాపురపు క్రోషా లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పశ్చిమగోదావరి, కోనసీమ ప్రాంతములకు వెలుపల అల్లినదానిని ఆ పేరుతో అమ్ముటకు ఇక వీలులేదు. ఇది సంతోషింపదగిన సంగతి. కాని ఈ గుర్తింపు పేరును కాపాడును, కూలిని కాపాడదు. పేరువలన వచ్చు నధికలాభము ఏజెంటు చేతిలోనే నిలిచిపోయినచో, అల్లిన స్త్రీకి తన యూరిపేరు అచ్చులో చూచుకొను తృప్తి తప్ప మఱేమియు మిగులదు.

నరసాపురపు విషయము పల్నాటివారి కేల యని యనుకొనరాదు. నేడు ఈ విద్య ఒక మండలమునకు పరిమితమై లేదు. ఏ యూరనైనను బాలికలు చేతిఫోను తెఱమీద చూచి గొలుసు, ఉంగరము, చతురపు బిళ్ల నేర్చుకొనుచున్నారు. తాళపుచెవులకు కట్టు పువ్వు, పసిబిడ్డ టోపీ, చెంబు క్రింది బిళ్ల, పుస్తకములో గుర్తుగ నుంచు పట్టీ అల్లి, స్నేహితురాండ్ర కిచ్చుచున్నారు, కొందఱు అమ్ముచున్నారు. ఆనందమునకై అల్లుటను మేము తప్పుపట్టము. రాణికి తగిన వినోదము శావల్యాపురపు పిల్లకును తగును. అల్లినదానిని ప్రేమతో ఊరక యిచ్చుటయు మంచిదే. అమ్మునపుడు మాత్రము వినోదపు మాట కట్టిపెట్టి లెక్క చేయవలెను.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఒక పువ్వునకు పావుగంట పట్టునని యనుకొందము. 100 పూలకు 25 గంటలు. అతుకుపనికిని అంచునకును మఱి 5 గంటలు. మొత్తము 30 గంటలు, అనగా ఎనిమిది గంటల లెక్కను దాదాపు 4 దినముల కూలి. తన యూర నాలుగు దినముల ప్రత్తితీతకో మిరపకోతకో ఒక స్త్రీకి ఎంత దక్కునో ఆ బాలిక తల్లి నడిగి తెలిసికొనవచ్చును. నూలు వెలను దానికి చేర్చినచో, ఆ బల్లగుడ్డకు తగ్గరాని వెల యేర్పడును. కొనువాడు అంత యీయనిచో, అతడు తన చేతినుండి ఎన్ని గంటలు ఊరక అడుగుచున్నాడో ఆమెకు తెలియును. తెలిసి యిచ్చుట దానము. తెలియక యిచ్చుట మోసపోవుట.

బాలికలకు అల్లిక నేర్పు ఉపాధ్యాయినులకును, స్త్రీల సంఘములవారికిని మా విన్నపము ఒక్కటే. గొలుసుతోపాటు గడియారమును చూచుట నేర్పుడు. ప్రతి బాలికయు తన చిన్నపుస్తకమున ఏ వస్తువునకు ఎంత నూలు, ఎన్ని గంటలు పట్టినవో వ్రాసికొనునట్లు చేయుడు. అమ్ముడుపోయిన వెలను దాని యెదుట వ్రాయింపుడు. పది యిండ్ల పుస్తకములు ఒకచోట చేర్చి చదువుకొన్ననాడు, వసారాలలో విడివిడిగ కూర్చున్న స్త్రీలకు ప్రత్తిచేని వరుస దొరకును. చేనిలోని తల్లి "కూలి యెంత?" అని యడుగుచునే యున్నది. నీడన కూర్చున్న కూతురు ఆ ప్రశ్నను ఆమెయొద్ద నేర్చుకొనిన చాలును.